ఒళ్ళో వీణ... దిండు కింద హంతకుడు!

మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి రెండు విషయాల్లో భలే విచిత్రమైన న్యాయం జరిగేది. సంగీతం నేర్చుకోమని బలవంతం, నవలలు చదవొద్దని బెదిరింపు! సంగీతం వస్తే పెళ్ళిచూపుల్లో పనికొస్తుందట. నవలలు చదివితే బుర్ర పాడవుతుందట. తీరా పెళ్ళయ్యాక చూస్తే ఏమైంది? అంత బలవంతాన నేర్చుకున్న వీణేమో ముసుగేసుకుని మూల చేరింది. వద్దన్న నవల మాత్రం దిండు కింద, బియ్యం డబ్బా వెనకాల దాక్కుని బతికి బట్టకట్టింది!

ఎందుకలా జరిగిందో ఎప్పుడైనా ఆలోచించారా? నాకు తోచింది చెబుతాను. సంగీతం మనం ఎదుటివాళ్ళ కోసం నేర్చుకున్నాం. నవల మన కోసం చదువుకున్నాం. ఎవరి కోసమో నేర్చుకున్నది వాళ్ళ అవసరం తీరగానే ఆగిపోయింది. మన కోసం మొదలుపెట్టినది ఎన్ని పనులున్నా ఆగలేదు. ఉన్న తేడా అంతే.

మరి ఆ వీణని కూడా మన కోసమే మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంటే? ఈ వారం కబుర్లు దాని గురించే. వీణతోపాటు నవలలు కూడా ఉన్నాయి లెండి, భయపడకండి!

నాకు నలభై ఆరేళ్ళు. చదివింది ఇంటర్. పెళ్ళిచూపుల్లో ఒక గీతం వాయించి "అమ్మాయికి వీణ కూడా వచ్చు" అనిపించుకున్నాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళపాటు ఆ వీణ నాతో నాలుగు ఇళ్ళు మారిందే గానీ ఒక్కసారి పలకలేదు. మూడేళ్ళ క్రితం మా అబ్బాయి కూడా హాస్టలుకి వెళ్ళిపోయాక దాన్ని దించి దుమ్ము దులిపాను. మావారు పేపర్లోంచి తలెత్తి "ఇప్పుడెందుకోయ్?" అన్నారు. కోపంగా కాదు, వెటకారంగానూ కాదు. నిజంగానే తెలీక అడిగారు. కచేరీ చెయ్యబోను, పాఠాలు చెప్పబోను, మరెందుకు?

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. జవాబు నాకు వీణ దగ్గర కాదు, నవలల్లో దొరికింది. అదెలాగో వినండి.

గురువారం ముఠా

మా అమ్మ తరం ఆడవాళ్ళు కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ ని చదివారు. మా చిన్నప్పుడు అద్దె లైబ్రరీలో మధుబాబుగారి షాడో పుస్తకాల కోసం అన్నయ్యలతో పోట్లాడేవాళ్ళం. 'తులసిదళం' చదివి రాత్రిళ్ళు పెరట్లోకి వెళ్ళడానికి భయపడని వాళ్ళెవరైనా ఉన్నారా చెప్పండి! చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్స్ సరేసరి. మాంత్రికులూ, రాక్షసులూ, శిథిలాలయాలూ అన్నీ మనకి అన్నం తిన్నంత అలవాటే. కాబట్టి ఈ మధ్య ఇంగ్లీషులో వస్తున్న మిస్టరీలూ, ఫాంటసీలూ మనకి కొత్తేమీ కావు. ఊరు వేరు, పేర్లు వేరు, అంతే.

మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు ఒక పుస్తకం నా చేతిలో పెట్టింది. రిచర్డ్ ఆస్మన్ అనే ఆయన రాసిన 'ది థర్స్ డే మర్డర్ క్లబ్'. 2020లో వచ్చింది. నా ఇంగ్లీషు ఇంటర్ ఇంగ్లీషు. మొదటి యాభై పేజీలూ ఫోన్లో అర్థాలు వెతుక్కుంటూ చదివాను. తర్వాత అర్థాలు వెతకడం మర్చిపోయాను!

కథ ఇంగ్లండులో, పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉండే ఒక కాలనీలో జరుగుతుంది. అందరూ డెబ్భై దాటినవాళ్ళే. ఎలిజబెత్ ఒకప్పుడు గూఢచారి. జాయిస్ నర్సు, కేకులు చేస్తుంది, డైరీ రాస్తుంది. ఇబ్రహీం మనస్తత్వ వైద్యుడు. రాన్ కార్మిక నాయకుడు. ఈ నలుగురూ పోలీసులు తేల్చని పాత హత్యకేసుల్ని ముందేసుకుని కూర్చుంటారు. గురువారమే ఎందుకంటే, ఆ గదిలో రెండు క్లాసుల మధ్య ఖాళీ దొరికేది ఆ రోజునే! ఇంకో తమాషా ఏమిటంటే, గదికి 'జపాన్ సంగీత నాటకం మీద చర్చ' అని పేరు రాయిస్తారు. ఆ పేరు చూస్తే ఎవరూ తొంగి కూడా చూడరని!

అది చదివి పడీ పడీ నవ్వాను. మనం కూడా అంతే కదూ! మనకంటూ రెండు గంటలు కావాలంటే దానికి ఏదో ఒక పేరు పెట్టాలి. "నడుం నొప్పి, కాసేపు పడుకుంటాను" అంటే ఎవరూ ఏమీ అనరు. "రెండు గంటలు నవల చదువుకుంటాను" అంటే మాత్రం లోకం తలకిందులైనట్టు చూస్తారు. పుస్తకంలో ఆ నలుగురికీ జీతం లేదు, బిరుదు లేదు, చెయ్యమన్నవాళ్ళూ లేరు. వాళ్ళకి ఇష్టం, చేస్తారు. డెబ్భై దాటిన జాయిస్ కి లేని మొహమాటం నలభై ఆరేళ్ళ నాకెందుకు?

ఆ పుస్తకానికి కొనసాగింపులు వరసగా వచ్చాయి. 2025లో సినిమా కూడా తీశారు. వీలుంటే ముందు పుస్తకం చదివి తర్వాత సినిమా చూడండి. హంతకుడెవరో ముందే తెలిస్తే ఉప్పు లేని పప్పులా ఉంటుంది.

రాగం కూడా మిస్టరీయే!

ఇక వీణ దగ్గరికి వద్దాం. మళ్ళీ మొదట్నించీ సరళీస్వరాలే. మాయామాళవగౌళ రాగం. ఏడు తీగల్లో నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. ఇరవై నాలుగు మెట్లు. ఎడమచేతి వేళ్ళమీద గాట్లు పడి మంట. వారం తిరిగేసరికి విసుగొచ్చింది. మా టీచరుగారు డెబ్భై ఏళ్ళావిడ. నేను డిటెక్టివ్ నవలలు చదువుతానని తెలిసి "అయితే నీకో గూఢలిపి చెబుతానే" అని ఈ చిట్కా చెప్పారు. మీరూ నేర్చుకోండి.

కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాలు 72. వాటి పేర్లలోనే వాటి నెంబరు దాగి ఉంటుంది. దాన్ని కటపయాది అంటారు. క నుంచి ఝ దాకా ఒకటి నుంచి తొమ్మిది, ఞ అంటే సున్నా. మళ్ళీ ట నుంచి ధ దాకా ఒకటి నుంచి తొమ్మిది, న సున్నా. ప నుంచి మ దాకా ఒకటి నుంచి అయిదు. య నుంచి హ దాకా ఒకటి నుంచి ఎనిమిది. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలకీ అంకెలు వేసుకుని, తిరగేసి చదవాలి.

మాయామాళవగౌళలో 'మా' అంటే 5, 'యా' అంటే 1. వెరసి 51. తిరగేస్తే 15. అది పదిహేనో మేళకర్త! శంకరాభరణం అసలు పేరు ధీరశంకరాభరణం. 'ధీ' 9, 'ర' 2. తిరగేస్తే 29. ఈ లెక్క కుదరడానికే శంకరాభరణానికి ముందు 'ధీర' తగిలించారు. అలాగే కల్యాణిని మేచకల్యాణి చేశారు. మరి మేచకల్యాణి నెంబరెంతో మీరు చెప్పండి చూద్దాం! జవాబు చివర్లో ఇస్తాను. ముందే కిందకి చూడకూడదు సుమా, అది హంతకుడి పేరు కోసం ఆఖరి పేజీ తిప్పినట్టే!

ఇంకో సంగతి. షెర్లాక్ హోమ్స్ కథ ఒకదానిలో గుర్రం మాయమైన రాత్రి కుక్క మొరగదు. అరిచి ఉంటే ఆధారం కాదు, అరవకపోవడమే ఆధారం. రాగాన్ని గుర్తుపట్టడం కూడా సరిగ్గా ఇలాంటిదే. మోహనలో మధ్యమం, నిషాదం రావు. హిందోళంలో రిషభం, పంచమం రావు. వినేటప్పుడు వచ్చే స్వరాల మీదే కాదు, రాని స్వరం మీద కూడా చెవి ఉంచాలి. ఈ కిటుకు తెలిశాక రేడియోలో ఏ పాటొచ్చినా నాకు దొంగని పట్టే పోలీసు సరదా పట్టుకుంది. ఉల్లిపాయలు తరుగుతూ "మధ్యమం రాలేదు... నిషాదమూ రాలేదు... దొరికావు, మోహనవి నువ్వు!" అనుకుంటాను. అన్నట్టు హోమ్స్ కూడా వయొలిన్ వాయిస్తాడు, గుర్తుందిగా?

నిదానం నేర్పిన ఇల్లు

మిస్టరీ నవల మనల్ని ముందుకి తోస్తుంది. "ఇంకొక్క పేజీ, ఇంకొక్క పేజీ" అనిపిస్తుంది. సాధన అలా కాదు, ఉన్నచోటే కూర్చోబెడుతుంది. ఒకటే వరస మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. ఈ రెండూ ఒకదానికొకటి విరుగుడు. పెరుగన్నంలో ఆవకాయ నంజుకున్నట్టు, వేరువేరుగా కంటే కలిస్తేనే రుచి.

ఆ రెండు రుచులూ ఒకే పుస్తకంలో కావాలంటే సుసానా క్లార్క్ రాసిన 'పిరనేసి' చదవండి. ఇదీ 2020లోనే వచ్చింది. 2021లో ఆడవాళ్ళు రాసే నవలలకి ఇంగ్లండులో ఇచ్చే విమెన్స్ ప్రైజ్ దీనికి వచ్చింది. అంతు లేని ఒక ఇల్లు. హాలు తర్వాత హాలు, ప్రతి హాల్లో విగ్రహాలు. కింది అంతస్తుల్లోకి సముద్రం వచ్చి పోతూ ఉంటుంది. ఆ ఇంట్లో ఒక మనిషి దాదాపు ఒంటరిగా బతుకుతూ, చూసిన ప్రతిదీ నోటు పుస్తకాల్లో రాసుకుంటూ ఉంటాడు. తనెవరో, అక్కడికెలా వచ్చాడో మాత్రం అతనికి తెలీదు. మాయాలోకం కథా ఇదే, అపరాధ పరిశోధనా ఇదే. మొదటి అరవై పేజీలు నెమ్మదిగా నడుస్తుంది, వదిలెయ్యకండి.

ఆ రచయిత్రి మొదటి నవల 2004లో వచ్చింది. రెండోది ఈ 'పిరనేసి', పదహారేళ్ళ తర్వాత. మధ్యలో ఆవిడ చాలాకాలం అనారోగ్యంతో, తీరని నీరసంతో బాధపడింది. అది చదివాక నా ఇరవై రెండేళ్ళు గుర్తొచ్చాయి. ఆవిడంత గొప్ప పని నేను చేస్తున్నానని కాదు. మధ్యలో ఖాళీ వచ్చినంత మాత్రాన పని తెగిపోయినట్టు కాదు అని ధైర్యం వచ్చింది, అంతే.

తెగడం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. పాట్రిక్ రాత్ ఫస్ అనే ఆయన రాసిన 'ది నేమ్ ఆఫ్ ద విండ్' అని 2007 నాటి లావుపాటి ఫాంటసీ నవల ఉంది. అందులో కుర్రాడు అమ్మానాన్నల్ని పోగొట్టుకుని అడవిలో ఒంటరిగా తన వాద్యం వాయించుకుంటూ ఉంటాడు. తీగలు ఒక్కొక్కటే తెగిపోతాయి. మార్చుకునే దారి లేదు. మిగిలిన వాటిమీదే వాయిస్తాడు. కొన్నేళ్ళకి నిండుసభలో పరీక్షప్పుడు కూడా తీగ తెగుతుంది. అడవిలో నేర్చిన ఆ విద్యే అతన్ని ఒడ్డున పడేస్తుంది. సంసారం చేసిన ఏ ఆడదానికైనా ఆ ఘట్టం విడమర్చి చెప్పక్కర్లేదు. ఉన్న తీగలతో వాయించడం మనకి రానిదా?

బాగా రాకపోతేనేం?

మాది విజయనగరం. ఇక్కడ 1919 నుంచీ సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు. ఒకే పనసమానులోంచి వీణ తొలిచే బొబ్బిలి ఇక్కడికి దగ్గరే. ఇలాంటి ఊళ్ళో కిటికీ తెరిచి నలభై ఆరేళ్ళ మనిషి సరళీస్వరాలు వాయించాలంటే ఎంత గుండె ఉండాలో ఊహించుకోండి! వీధిలో పోయే ప్రతివాళ్ళకీ శ్రుతి తెలుసేమో అని భయం. మొదటి ఆర్నెల్లూ కిటికీ మూసి, ఫ్యాను ఐదులో పెట్టి వాయించాను.

ఆ కిటికీ తెరిపించింది కూడా ఒక డిటెక్టివ్ రచయితే. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ గారని, స్కాట్లండు ఆయన. 'ది నెంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ' 1998లో మొదలుపెట్టి ఆ వరసలో ఇరవైకి పైగా నవలలు రాశారు. ఆఫ్రికాలో బోట్స్వానా దేశం. తండ్రి వదిలి వెళ్ళిన పశువుల్ని అమ్మి, ఆ డబ్బుతో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన రమోట్స్వే అనే ఆవిడ కథలు. బొద్దుగా, నిదానంగా, టీ తాగుతూ కేసులు తేలుస్తుంది. నెత్తురూ తుపాకులూ పెద్దగా ఉండవు. మొగుడి మీద అనుమానం, తప్పిపోయిన కొడుకు, మోసపోయిన డబ్బు లాంటి మన వీధి గొడవలే. ఇంగ్లీషు కూడా సులువు. కొత్తగా చదవాలనుకునే వాళ్ళు దీంతో మొదలుపెట్టండి.

ఆయనకి బసూన్ అనే పెద్ద ఊదే వాద్యం సరదా. గొప్పగా రాదు. మరేం చేశారనుకున్నారు? తనలాగే వాయించలేని వాళ్ళందర్నీ పోగుచేసి 1995లో ఎడింబరోలో ఒక బృందం పెట్టారు. దాని పేరు 'రియల్లీ టెర్రిబుల్ ఆర్కెస్ట్రా'. అంటే 'నిజంగా ఘోరమైన వాద్యబృందం' అన్నమాట! జనం టిక్కెట్లు కొనుక్కుని మరీ వెళ్ళి విన్నారు. అన్ని పుస్తకాలు అమ్ముడుపోయిన మనిషి "నాకిది బాగా రాదు, అయినా నాకిష్టం" అని బోర్డు కట్టి చెప్పుకున్నాడంటే మనకేం తక్కువ?

మనం చేసే ప్రతి పనికీ ఎవరో ఒకరు మార్కులు వేస్తూనే ఉంటారు. కూరలో ఉప్పు, ఇల్లు తుడిచిన తీరు, పిల్లల ర్యాంకులు, ఆఖరికి వాకిట్లో ముగ్గు కూడా. మార్కుల్లేని పని ఒక్కటైనా ఉండాలండీ మనకి.

మా అమ్మకి ఏ రాగం ఇష్టం?

ఇప్పుడు అసలు మాట చెబుతాను. మా అమ్మ బాగా పాడేదట. 'అట' అని ఎందుకంటున్నానంటే నేను వినలేదు. మా మేనత్తలు చెప్పగా విన్నాను. అమ్మ పోయి ఏడేళ్ళయింది. మా ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో, ఎవరికి ఏది పడదో అమ్మకి తెలుసు. అల్లుళ్ళ ఇష్టాలు కూడా తెలుసు. కానీ అమ్మకి ఏ రాగం ఇష్టమో మా ఐదుగురిలో ఒక్కరికీ తెలీదు. యుగంధర్ నవలల్లో ఏది బాగా నచ్చిందో తెలీదు. మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అడిగి ఉంటే "నా ఇష్టానికేముందే" అనేదేమో.

మావారి "ఇప్పుడెందుకు" కి నా జవాబు అది. నాకు మోహన ఇష్టమని మా పిల్లలకి తెలియాలి. జాయిస్ అంటే ఇష్టమనీ, లావుపాటి ఫాంటసీ పుస్తకాలంటే మొదట భయపడి తర్వాత వదల్లేననీ తెలియాలి. అమ్మంటే టిఫిన్ డబ్బా ఒక్కటే కాదని తెలియాలి. ఈ మాట మావారితో చెప్పాను. ఏమీ అనలేదు. కానీ ఆ నెలలోనే మెట్లు సరిచేసే ఆయన్ని వెతికి ఇంటికి తీసుకొచ్చారు. ఇప్పుడు మూడున్నరకి టీ ఆయనే పెడతారు. పంచదార ఎక్కువేస్తారు, నేనూ మార్కులు వెయ్యను!

మొదలుపెట్టాలనుకునే వాళ్ళకి

* పాత వీణ ఉంటే ముందు తెలిసినవాళ్ళకి చూపించండి. మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి కాబట్టి ఎండ తగిలే చోట, పొయ్యి దగ్గర పెట్టకూడదు. మైనం మెత్తబడితే మెట్లు కదిలి స్వరం తప్పుతుంది.

* ఎడమచేతి వేళ్ళకి ఒక్క చుక్క కొబ్బరినూనె రాసుకుంటే తీగమీద వేలు జారుతుంది, మంట తగ్గుతుంది.

* శ్రుతి కోసం పెట్టె కొననక్కర్లేదు. ఫోన్లో ఉచితంగా తంబురా శ్రుతి దొరుకుతుంది. వాద్యమే లేకపోతే గొంతు ఉందిగా! పాలు కాగే లోపు ఒక వరస, కుక్కరు మూడో కూత వేసేలోపు ఇంకో వరస.

* ముందు ఇరవై నిమిషాలు సాధన, తర్వాతే నవల. తిరగేస్తే సాధన జరగదు, హంతకుడు వదలడు.

* ఇంగ్లీషు పుస్తకంలో ప్రతి మాటకీ అర్థం వెతక్కండి. పేజీకి రెండు మాటలు చాలు. చూపు ఆనకపోతే చత్వారానికి అద్దాలు వేయించుకోండి, వాయిదా వెయ్యొద్దు. చదివి వినిపించే ఆడియో పుస్తకాలు కూడా ఉన్నాయి, కూరలు తరుగుతూ వినొచ్చు.

* పొయ్యిమీద పాలు పెట్టి మిస్టరీ మాత్రం తియ్యకండి. ఆ కేసులో దోషి ఎవరో ఇల్లంతా వాసన చెప్పేస్తుంది!

అన్నట్టు, మేచకల్యాణి జవాబు. 'మే' 5, 'చ' 6. తిరగేస్తే 65. సరిగ్గా చెప్పిన వాళ్ళు ఈ మధ్యాహ్నం ఒక గంట మీకు మీరే బహుమతి ఇచ్చుకోండి. తప్పు చెప్పినవాళ్ళు రెండు గంటలు తీసుకోండి, సాధన కావాలిగా మరి!

వచ్చే వారం కలుద్దాం. ఈలోగా మీకు ఏ రాగం ఇష్టమో ఇంట్లో ఒక్కరికైనా చెప్పి చూడండి.